రోక్యూరోనియం (కండరాలను సడలించే మందు, రిలాక్సెంట్) ఎక్కిస్తుంటే నిద్రలో ఉన్న రోగి చెయ్యి లాక్కుంటున్నారు. మీరేం చేస్తున్నారు?

పీజీ_రెండోఏడు

అందరికీ నమస్కారం. అనస్థీషియాలో పీజీ చేస్తున్నాను. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఒక సందేహం తీర్చండి.

నిద్రమందు ప్రొపోఫాల్ ఇచ్చాం. రోగి మాట ఆగింది, కనురెప్పల వెంట్రుకలు తాకినా చలనం లేదు, మాస్కుతో గాలి బాగానే వెళ్తోంది. అప్పుడు చేతి వెనక సిరలో పెట్టిన క్యాన్యులా (సన్న గొట్టం) గుండా రోక్యూరోనియం మొదలుపెట్టగానే ముందు వేళ్ళు ముడుచుకుంటాయి. తర్వాత మణికట్టు వంగుతుంది. ఆ వెంటనే మోచెయ్యి మడిచి చేతిని ఛాతీ మీదికి లాక్కుంటారు. కొందరు కాళ్ళు కూడా కదుపుతారు. మానిటర్‌లో పల్స్ గబుక్కున పెరుగుతుంది. కాసేపటికి మందు పనిచేసి అంతా సద్దుమణుగుతుంది.

"మామూలేనమ్మా, కంగారుపడకు" అంటారు ఒక సార్. ఇంకొకరు మొద్దుబార్చే మందు లిగ్నోకైన్ ఇమ్మంటారు. మరొకరు "ఫెంటనిల్ (ఓపియాయిడ్ రకం నొప్పిమందు) ఇచ్చాంగా, చాలదా" అంటారు. ఇది నిజంగా నొప్పేనా? నిద్రలో ఉన్నవారికి తెలుస్తుందా? పుస్తకంలో ఉన్న జాబితా వద్దు, మీ ఓటీలో మీరు రోజూ చేసేది చెప్పండి.

సిరంజి_మాస్టారు

నొప్పే తల్లీ, అందులో అనుమానం లేదు. మెలకువగా ఉన్నవాళ్ళకు ప్రైమింగ్ డోస్ అని, అసలు డోస్‌కి ముందు కొంచెం రోక్యూరోనియం, కిలోకి 0.06 మి.గ్రా. దాకా ఇచ్చే అలవాటు ఒకప్పుడు ఉండేది. అంత కొంచెం మందుకే "చెయ్యి మండిపోతోంది సార్" అనేవాళ్ళు. మెలకువలో ఇస్తే నూటికి 50 నుంచి 80 మందికి నొప్పి వస్తుందని అచ్చులో ఉన్న లెక్క. స్పృహ పోయాక నువ్వు చూస్తున్నది అదే నొప్పికి శరీరం ఇచ్చే జవాబు. రోగికి జ్ఞాపకం ఉండకపోవచ్చు గానీ, వెన్నుపాముకు ఆ సంగతి తెలుసు.

మందుల సంగతి తర్వాత. ముందు గడియారం చూడు. నీ ఫెంటనిల్ ఎప్పుడు ఇచ్చావు? చాలామంది ఫెంటనిల్, ప్రొపోఫాల్, రోక్ (రోక్యూరోనియం) మూడూ వరసపెట్టి నిమిషంలో ఎక్కించేస్తారు. ఫెంటనిల్ పూర్తి బలం అందుకోవడానికి 3 నుంచి 5 నిమిషాలు పడుతుంది. అంటే రోక్ లోపలికి వెళ్ళే సమయానికి నువ్వు ఇచ్చిన ఫెంటనిల్ ఇంకా దారిలోనే ఉంది. "ఫెంటనిల్ ఇచ్చినా లాక్కున్నారు" అనేవాళ్ళలో సగం మంది కథ ఇదే.

ప్రొపోఫాల్ సంగతీ అంతే. కనురెప్ప కదలలేదంటే నిద్రపోయారని అర్థం, నొప్పికి స్పందించరని కాదు. ఆ రెండు లోతులూ వేరు. మాట ఆగగానే రిలాక్సెంట్ తోసేస్తే చెయ్యి లాక్కోక ఏం చేస్తారు?

నేను చేసేది చెప్తా. ఆక్సిజన్ మాస్కు ముఖం మీద పెట్టిన క్షణమే ఫెంటనిల్ ఇచ్చేస్తాను. ఎలాగూ 3 నిమిషాలు ఆక్సిజన్ పట్టాలి కదా, ఆ సమయం నాకు ఊరికే దొరికింది. దీనికి కొత్త మందు అక్కర్లేదు, ఖర్చు లేదు. వరస మారుతుంది, అంతే.

కొలత_చూసేవాడు

మాస్టారు చెప్పిన టైమింగ్‌కి నా ఓటు. కారణం గురించి కొంచెం కలుపుతాను, ఎందుకంటే చాలామంది "ఆమ్లగుణం వల్ల" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

రోక్యూరోనియం ద్రావణం పీహెచ్ 4 దగ్గర ఉంటుంది, నిజమే. కానీ వేరే రిలాక్సెంట్లు అట్రాక్యురియం, సిస్అట్రాక్యురియం పీహెచ్ ఇంకా తక్కువ, 3.5 చుట్టుపక్కల. ఆమ్లమే అసలు దోషి అయితే అవి ఇంకా ఎక్కువ మండాలి. అలా జరగడం లేదు. రోక్యూరోనియం, వెక్యూరోనియం రెండూ అమైనోస్టెరాయిడ్ కుటుంబం. ఇవి నొప్పిని మోసే సన్నని సీ నరాల కొసలను నేరుగా రెచ్చగొడతాయని 2003లో వచ్చిన ఒక ప్రయోగ పరిశోధన చూపించింది. సిర గోడలోనే ఆ కొసలు ఉంటాయి. మందు తగిలిన క్షణమే నొప్పి మొదలవడానికి ఈ వివరణ బాగా సరిపోతుంది.

దీన్నిబట్టి రెండు విషయాలు. మందు ఎంత చిక్కగా, ఎంత సన్నని సిరలో, ఎంతసేపు గోడకి ఆనుకుని ఉంటే అంత బాధ. అందుకే మోచేతి దగ్గరి పెద్ద సిరలో ఇస్తే తేడా కనిపిస్తుంది. రెండోది, ఆ నరాల కొసలను ముందే మొద్దుబారిస్తే, అంటే లిగ్నోకైన్‌తో, చాలావరకు ఆపవచ్చు.

2016లో కోక్రేన్ సమీక్ష వచ్చింది. లిగ్నోకైన్, ఫెంటనిల్, రెమిఫెంటనిల్, కెటమిన్, మెగ్నీషియం, ఇలా చాలా మందుల మీద జరిగిన పరిశోధనలను ఒకచోట చేర్చి చూసింది. ఈ విషయం మీద వచ్చే వ్యాసాలు చూస్తే నాకు ఒక్కోసారి నవ్వొస్తుంది. అల్మరాలో ఉన్న ప్రతి మందునీ ఒకసారి రోక్ ముందు ఇచ్చి చూశారు. ఏది ఇచ్చినా సెలైన్ కంటే మెరుగే అని తేలుతుంది. రోజువారీ పనికి కావాల్సింది చేతికి అందేది, అలవాటైనది, దుష్ఫలితం తక్కువది. అలా వడపోస్తే మిగిలేవి లిగ్నోకైన్, సరైన వేళకి ఇచ్చిన ఓపియాయిడ్.

పడకమీదిమనిషి

నేను డాక్టర్ని కాదండీ. వెతుకుతుంటే ఈ చర్చ కనిపించింది. నాకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది. మత్తు ఇచ్చేటప్పుడు తెల్లటి మందు ఎక్కించారు. కాసేపటికి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలిన తీగ లోపల పాకినట్టు అనిపించింది. "మండుతోంది" అని అరిచాను. "ఏం కాదు, నిద్రపోతారు" అన్నారు. నిద్రపోయాను, ఆపరేషన్ బాగానే అయింది. కానీ ఆ మంట మాత్రం మర్చిపోలేదు. ఇప్పుడు ఇంకో ఆపరేషన్ ఉంది, అదే తలుచుకుంటే టెన్షన్. మీరు మాట్లాడుకుంటున్న మందు అదేనా? కండరాలు పడిపోయే మందు మెలకువలో ఇచ్చేశారేమోనని ఇప్పుడు కొత్త భయం పట్టుకుంది.

సిరంజి_మాస్టారు

భయపడకండి. తెల్లగా పాలలా ఉందన్నారంటే అది దాదాపుగా ప్రొపోఫాల్. నిద్రమందు. రిలాక్సెంట్లు నీళ్ళలా ఉంటాయి. ప్రొపోఫాల్ మంట కొన్ని క్షణాలు ఆగి మొదలై పైకి పాకుతుంది, మీరు చెప్పినట్టే. రోక్యూరోనియం అయితే తగలగానే మండుతుంది. ప్రొపోఫాల్ మంట చాలా మామూలు విషయం. మామూలు కదా అని రోగి మాట పట్టించుకోకపోవడం మాత్రం సరికాదు.

ఈసారి ముందురోజు మత్తు డాక్టర్ వచ్చినప్పుడు ఒకే ఒక్క మాట చెప్పండి: "క్రితంసారి మందు ఎక్కిస్తుంటే చెయ్యి చాలా మండింది." మిగతాది వారు చూసుకుంటారు. పెద్ద సిర ఎంచుకుంటారు, లేదా ముందు లిగ్నోకైన్ ఇస్తారు. మీకు మందుల అలర్జీలు, గుండె లయలో ఇబ్బందులు ఉంటే అవి కూడా తప్పకుండా చెప్పండి. క్యాన్యులా ఉన్నచోట వాపు, సెలైన్ ఎక్కేటప్పుడే నొప్పి ఉంటే దాచుకోకుండా చెప్పండి. ఒక్కోసారి అసలు సమస్య మందు కాదు, సిరలోంచి బయటికి జారిన క్యాన్యులా.

పడకమీదిమనిషి

చాలా థాంక్స్ డాక్టర్ గారూ. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. చెప్తాను.

ఓటీ_టెక్_అన్న

టెక్నీషియన్ వైపు నుంచి నాలుగు మాటలు. డాక్టర్లు లిగ్నోకైన్ అని తేలిగ్గా అనేస్తారు, చేతికి అందించేది మేము.

ఒకటి, సీసా చూడండి. ట్రేలో లోకల్ బ్లాక్‌కి వాడే అడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్ కూడా ఉంటుంది. అది సిరలోకి వెళ్ళకూడదు. రంగు చూసి కాదు, పేరు పైకి చదివి ఇస్తాను నేను. 2 శాతం సాదా లిగ్నోకైన్ అంటే ఒక్కో ఎం.ఎల్.లో 20 మి.గ్రా. పెద్దవాళ్ళకి మా దగ్గర 2 ఎం.ఎల్., అంటే 40 మి.గ్రా. ఇస్తారు.

పట్టీ కట్టి ఇచ్చే పద్ధతి అడిగితే ఇలా చేస్తాం. డ్రిప్ ఆపుతాం. చెయ్యి కాసేపు పైకెత్తి ఉంచి, ముంజేతికి టోర్నికే, అంటే రక్తం పారకుండా ఆపే పట్టీ, బిగిస్తాం. డాక్టర్ గారు లిగ్నోకైన్ ఇస్తారు. అర నిమిషం నుంచి నిమిషం దాకా ఆగుతాం. మందు పట్టీకి దిగువనే నిలిచి సిర గోడను మొద్దుబారుస్తుంది. తర్వాత పట్టీ విప్పి, డ్రిప్ వదిలి, ప్రొపోఫాల్. అదే మొద్దుబారడం ప్రొపోఫాల్‌కీ పనికొస్తుంది, వెనకాలే వచ్చే రోక్‌కీ పనికొస్తుంది. పట్టీ విప్పాక "విప్పాను సార్" అని గట్టిగా చెప్పడం నా అలవాటు. ఆకుపచ్చ గుడ్డ కింద పట్టీ అలాగే ఉండిపోతే ప్రొపోఫాల్ ఎంత ఇచ్చినా రోగి మేలుకునే ఉంటారు, ఎందుకో ఎవరికీ అర్థం కాదు.

ఇంకోటి. థయోపెంటోన్ అనే నిద్రమందు వాడే చోట, దాని వెనకాలే రోక్ తోస్తే లైన్‌లో తెల్లటి ముద్ద కట్టి క్యాన్యులా మూసుకుపోతుంది. మధ్యలో సెలైన్ ఫ్లష్ తప్పనిసరి. లైన్ మూసుకుంటే ఇక నొప్పి సంగతి పక్కన పెట్టండి, మొత్తం ఇండక్షనే (నిద్రపుచ్చే పనే) ఆగిపోతుంది.

అంత_అవసరమా

నాది వేరే అభిప్రాయం. తిట్టకండి.

రోగి నిద్రలో ఉన్నాడు. లేచాక అడిగితే ఏమీ గుర్తులేదంటాడు. రెండు క్షణాల చెయ్యి కదలికకి పట్టీలు కట్టడం, ఇంకో మందు కలపడం, ఇంకో సిరంజి, ఇంకో లేబుల్. కలిపే ప్రతి మందూ ఒక తప్పుకి అవకాశమే. మీరు ఓటీలో రోజుకి ఒకటీ రెండూ కేసులు చేస్తుంటే సరే. వరస కేసులు ఉన్నచోట ఇదంతా జరిగే పని కాదు. పైగా లిగ్నోకైన్ ఊరికే ఇచ్చేది కాదు. ఆ తర్వాత సర్జన్ గాయం దగ్గర లోకల్ ఇస్తారు, మనం నర్వ్ బ్లాక్ చేస్తాం. మొత్తం కలిపితే ఎంతైంది అని ఎవరు లెక్కేస్తున్నారు?

కొలత_చూసేవాడు

లెక్క వేయాలన్న మాట నూటికి నూరుపాళ్ళు నిజం. సాదా లిగ్నోకైన్‌కి కిలోకి 3 మి.గ్రా. పరిమితి అనుకున్నా, 60 కిలోల మనిషికి 180 మి.గ్రా. అవుతుంది. 40 మి.గ్రా. అందులో చిన్న భాగమే. అయినా బ్లాక్ చేసే రోజు దాన్ని కూడా కలిపి రాసుకోవాలి, దాటవేయకూడదు.

కానీ "గుర్తుండదు కాబట్టి పరవాలేదు" అనే మాట ఒప్పుకోను. గుర్తుండకపోతే సరే అనుకుంటే, ఇంట్యూబేషన్‌కి (గొంతులో ట్యూబ్ వేయడానికి) ముందు ఓపియాయిడ్ ఎందుకు ఇస్తున్నాం? బీపీ, పల్స్ ఎగరకుండానేగా. గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్ళకి, మెదడులో అన్యూరిజం (రక్తనాళం ఉబ్బు) ఉన్నవాళ్ళకి ఆ రెండు క్షణాలు చిన్నవి కావు. చెయ్యి లాక్కున్నప్పుడు క్యాన్యులా ఊడితే? సగం రిలాక్సెంట్ లోపల, సగం బయట, రోగి గాలి పీల్చలేని స్థితిలో, లైన్ లేదు. ఒంటినిండా కదలికలు వచ్చి, కడుపులోది పైకి తన్ని, ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిన కేసు కూడా వైద్య పత్రికల్లో నమోదైంది. అరుదే. కానీ "రెండు క్షణాల కదలిక" అని కొట్టిపారేసేది కాదు.

అంత_అవసరమా

క్యాన్యులా ఊడే సంగతి ఒప్పుకుంటాను. అది చూశాను కూడా. అయితే నా మాట ఇది: అందరికీ పట్టీ అక్కర్లేదు. మాస్టారు చెప్పిన ఫెంటనిల్ వేళ మార్చడం అందరికీ, పట్టీ అవసరమైనవాళ్ళకి మాత్రమే. అంతవరకు నేనూ సరేనంటాను.

సిరంజి_మాస్టారు

అంతవరకు వచ్చావుగా, చాలు బాబూ. నేనూ అందరికీ పట్టీ కట్టను. చేతి వెనక సన్నని సిర తప్ప దొరకనివాళ్ళకి, క్రితంసారి మండిందని చెప్పినవాళ్ళకి, బీపీ ఎగరకూడనివాళ్ళకి కడతాను. మిగతావాళ్ళకి మోచేతి సిర, లేదా పట్టీ లేకుండానే ప్రొపోఫాల్ ముందు కాస్త లిగ్నోకైన్.

ప్రొపోఫాల్ విషయంలో 2011లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ కూడా ఈ రెంటినే ముందు వరసలో పెట్టింది: మోచేతి సిర, లేదా చేతి సిర అయితే పట్టీ కట్టి లిగ్నోకైన్. మోచేతి సిరకి ఒకటే చిక్కు. చెయ్యి మడిస్తే క్యాన్యులా ముడుచుకుంటుంది. ఆపరేషన్‌లో చేతులు పక్కన చాచి ఉంచే కేసులకి బాగుంటుంది, చేతులు మడిచి కట్టేసే పొజిషన్లకి కాదు.

చిన్నారుల_మత్తు

నేను చూసేది పిల్లల్నే. వాళ్ళలో ఇది పెద్దవాళ్ళకంటే ఎక్కువగా కనిపిస్తుంది. చిన్న చెయ్యి, చిన్న సిర, మందు చిక్కదనం అదే. సెవోఫ్లూరేన్ పీల్పించి నిద్రపుచ్చాక క్యాన్యులా పెట్టినా సరే, లోతు చాలకపోతే రోక్ తగలగానే ఒక్క ఉదుటున చెయ్యి లాగేస్తారు. కట్టిన టేపు సరిగా లేకపోతే క్యాన్యులా నా చేతిలోకి వచ్చేస్తుంది.

అందుకని నా పద్ధతి: క్యాన్యులాకి టేపు, కింద చిన్న స్ప్లింట్, ఆ తర్వాతే రిలాక్సెంట్. రోక్‌ని సెలైన్‌తో పలచన చేస్తాను. పిల్లల డోస్ చిన్నది కాబట్టి పలచన చేసినా మొత్తం పెద్దగా పెరగదు, కొలవడం కూడా తేలిక. పలచన చేసిన సిరంజి మీద ఒక ఎం.ఎల్.లో ఎన్ని మి.గ్రా. అన్నది వెంటనే రాయాలి, ఇందులో మినహాయింపు లేదు. డ్రిప్ పారుతుండగా మెల్లగా ఇస్తాను. పెద్దవాళ్ళలో ఇదే పలచన పద్ధతికి ఆధారం ఉంది గానీ బాగా పలచన చేస్తే ఎక్కించాల్సిన ద్రవం ఎక్కువై ఆలస్యమవుతుంది.

ఇంకో మాట. పీజీలు కొందరు చెయ్యి కదిలిందని చూసి "మందు సిరలోకి వెళ్ళడం లేదేమో" అని క్యాన్యులా తీసేస్తారు. ముందు ఆగి, ఉబ్బిందా లేదా చూడండి, డ్రిప్ పారుతోందా చూడండి. తీసేయడం ఎంతసేపు, తిరిగి పెట్టడమే కష్టం.

పీజీ_రెండోఏడు

అందరికీ ధన్యవాదాలు. ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. రెండు అనుమానాలు మిగిలాయి.

కడుపు నిండా ఉన్న ఎమర్జెన్సీ కేసులో ర్యాపిడ్ సీక్వెన్స్ (మందులు వెంటవెంటనే ఇచ్చి త్వరగా ట్యూబ్ వేయడం) చేస్తాం కదా. అక్కడ కిలోకి 1.2 మి.గ్రా. రోక్, ప్రొపోఫాల్ వెనకాలే. ఆగే వీల్లేదు. అక్కడేం చేయాలి? రెండోది, సోడియం బైకార్బొనేట్ రోక్ సిరంజిలోనే కలిపితే నొప్పి బాగా తగ్గుతుందని ఒక వ్యాసంలో చదివాను. చేయొచ్చా?

సిరంజి_మాస్టారు

ర్యాపిడ్ సీక్వెన్స్‌లో ప్రాధాన్యం ట్యూబ్‌కి. నొప్పి తగ్గించడం కోసం ప్రొపోఫాల్‌కీ రోక్‌కీ మధ్య ఎడం పెంచకు. కానీ ఆక్సిజన్ పట్టే 3 నిమిషాలు అక్కడా ఉంటాయిగా. ఆ మొదట్లో ఫెంటనిల్ కిలోకి 1 మైక్రోగ్రామ్ చొప్పున, రోగి మగతలోకి జారకుండా చూసుకుంటూ ఇవ్వొచ్చు. అల్ఫెంటనిల్ అనే ఇంకో ఓపియాయిడ్ దొరికే చోట ఇంకా సులువు, దాని బలం ఒకటిన్నర నిమిషంలో అందుతుంది. బీపీ పడిపోయి షాక్‌లో ఉన్న రోగికి ఇవేవీ వద్దు. అక్కడ చెయ్యి కదిలితే కదలనీ. క్యాన్యులాని మాత్రం ఇంకొకరు పట్టుకుని ఉండాలి.

రెమిఫెంటనిల్ కూడా బాగా ఆపుతుంది. బోలస్‌గా (ఒకేసారి) వేగంగా ఇస్తే పల్స్ పడిపోవచ్చు, ఛాతీ బిగుసుకుపోవచ్చు. కొత్తవాళ్ళు ఒంటరిగా మొదలుపెట్టాల్సిన పద్ధతి కాదు.

కొలత_చూసేవాడు

బైకార్బొనేట్ గురించి: పరిశోధనల్లో నొప్పి తగ్గిన మాట నిజం. నేను మాత్రం చేయను. రోక్యూరోనియం ఆమ్లగుణం గల మందు, క్షారగుణం ఉన్న ద్రావణాలతో ఒకే సిరంజిలో కలపవద్దని మందు వివరపత్రంలోనే ఉంటుంది. కలిపితే కార్బన్ డయాక్సైడ్ బుడగలు కూడా వస్తాయి. తయారీదారు వద్దన్న కలయికని, వేరే మంచి దారి ఉండగా ఎందుకు వాడాలి? ఏదైనా తేడా వస్తే నీ వాదనకి నిలబడేది ఏమీ ఉండదు.

రోక్ బదులు సిస్అట్రాక్యురియం వాడేద్దాం అని కూడా కొందరంటారు. నొప్పి తక్కువే. కానీ రోక్ కిలోకి 0.6 మి.గ్రా.తో నిమిషం, నిమిషంన్నరలో ట్యూబ్ వేసే స్థితి వస్తుంది. సిస్అట్రాక్యురియంకి ఇంకొంచెం సేపు పడుతుంది. తొందరలేని కేసుల్లో సరే.

ఓటీ_టెక్_అన్న

పైన ఆయన మెలకువలో రిలాక్సెంట్ ఇచ్చారేమోనని భయపడ్డారు కదా, దాని గురించి ఒక్క మాట. రిలాక్సెంట్ లేబుల్ ఎరుపు, నిద్రమందు పసుపు, ఓపియాయిడ్ నీలం. ఇది అంతర్జాతీయంగా ఒప్పుకున్న రంగుల పద్ధతి. మా దగ్గర ఎర్ర లేబుల్ సిరంజి నిద్రమందు పక్కన పెట్టం, వేరే ట్రేలో ఉంటుంది. డాక్టర్ గారు అడిగాకే చేతికిస్తాం. నొప్పి తగ్గించాలని ఇంకో సిరంజి లిగ్నోకైన్ కలిసినప్పుడు ఈ క్రమశిక్షణ ఇంకా గట్టిగా ఉండాలి.

చిన్నారుల_మత్తు

సరిగ్గా చెప్పావన్నా. ప్రైమింగ్ డోస్ ఎందుకు వదిలేశామో కూడా పీజీలకి చెప్పాలి. మంట ఒక్కటే కాదు, మెలకువలో ఉండగానే రెప్పలు బరువెక్కడం, ఒకటి రెండుగా కనిపించడం, మింగలేకపోవడం. రోగికి అది ఎంత భయంగా ఉంటుందో ఊహించుకోండి.

పీజీ_రెండోఏడు

ఈ వారమంతా మాస్టారు చెప్పినట్టు మాస్కు పెట్టగానే ఫెంటనిల్ ఇచ్చి, ప్రొపోఫాల్ తర్వాత మాస్కుతో కాసేపు గాలి కొట్టి, అప్పుడు డ్రిప్ పూర్తిగా వదిలి రోక్ మెల్లగా ఇస్తున్నాను. చెయ్యి లాక్కోవడం బాగా తగ్గింది. సన్నని సిర ఉన్న ఒక పెద్దావిడకి మాత్రం మణికట్టు కొంచెం వంగింది, పల్స్ మారలేదు. మా సార్ చూసి "ఏం మార్చావు?" అని అడిగారు. చెప్పాను. రేపు డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో దీని మీదే పది నిమిషాలు మాట్లాడమన్నారు.

ఒక్క చిన్న ఇబ్బంది. ఫెంటనిల్ ముందే ఇస్తుంటే ఇద్దరు ముగ్గురికి దగ్గు వచ్చింది.

సిరంజి_మాస్టారు

వేగంగా తోస్తున్నావు. అర నిమిషం పైన తీసుకుని మెల్లగా ఇవ్వు, చాలావరకు తగ్గుతుంది. మీటింగ్‌లో ఎవరైనా పలచన చేసే డోస్ అడిగితే నోటిలెక్క చెప్పకు, బోర్డు మీద రాసి చూపించు.